జబ్బుతో ఉన్న పిల్లల్ని సమ్మర్ క్యాంపుకు పంపడం ఎలా?

బడులకు సెలవులివ్వగానే హైదరాబాద్‌లో గల్లీకో సమ్మర్ క్యాంపు బ్యానర్ వేలాడుతుంది. అన్న స్విమ్మింగ్‌కు పోతుంటే, క్యాన్సర్‌కు కీమో నడుస్తున్న చెల్లి కిటికీ దగ్గరే కూర్చుంటుంది. ఆ పిల్లనూ పంపొచ్చు.

1988లో నటుడు పాల్ న్యూమన్ అమెరికాలోని కనెక్టికట్‌లో ఇలాంటి పిల్లల కోసమే క్యాంపు పెట్టాడు. డాక్టర్లు, నర్సులు అక్కడే ఉంటారు. మన కాలనీ క్యాంపులో ఉండరు కాబట్టి ఆ జాగ్రత్తేదో మనమే పడాలి.

మొదట తేదీ. ఫీజు, టైమింగ్స్ తర్వాత. తలసీమియా (ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు) పిల్లలు రక్తం ఎక్కించిన కొత్తలో హుషారుగా ఉంటారు, మళ్లీ ఎక్కించే రోజు దగ్గరపడేకొద్దీ నీరసపడతారు. కాబట్టి రక్తం ఎక్కించిన వెంటనే వచ్చే వారంలో క్యాంపు ఉండాలి. కీమోలో లెక్క వేరు. చాలా మందులకు, ఇచ్చిన 7 నుంచి 14 రోజుల మధ్య, రోగాలతో పోరాడే తెల్లకణాలు బాగా తగ్గుతాయి. వార్డులో ‘కౌంట్స్ పడిపోయాయి’ అనేది దీన్నే. ఆ రోజుల్లో గుంపులోకి పంపొద్దు. డాక్టర్‌ను ‘పంపొచ్చా?’ అని అడిగితే ‘ఇప్పుడెందుకమ్మా’ అంటారు. ‘ఏ వారం పంపమంటారు?’ అని అడగండి, సమాధానం మారుతుంది.

తర్వాత క్యాంపు వాళ్లకివ్వడానికి ఒక కాగితం. జబ్బు పేరు, మందుల వేళలు, పడని మందులు, డాక్టర్ నంబరు. కీమో పిల్లలకైతే ఎర్ర పెన్నుతో ఇంకో మాట: జ్వరం 100.4కు చేరితే సిరప్ వేసి చూడొద్దు, వెంటనే మాకు ఫోన్ చేయండి, ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ‘కొంచెం ఒళ్లు వెచ్చగా ఉంటే పడుకోబెట్టాం ఆంటీ’ అనే మంచితనమే ఇక్కడ ప్రమాదం. సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే రక్తజబ్బు) ఉంటే నీళ్లు తరచూ తాగించాలని, చన్నీళ్ల ఈత నొప్పి తెప్పించొచ్చని రాయండి.

చేర్చే ముందు ఒకసారి మిట్టమధ్యాహ్నం వెళ్లి చూడండి. మే ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, రేకుల షెడ్డయితే పొద్దున పూట బ్యాచ్‌కే పంపండి. టైప్ 1 షుగర్ పిల్లల ఇన్సులిన్‌కు ఫ్రిజ్ లేకపోతే మట్టి కుండల ఏర్పాటు చాలు. పెద్ద కుండలో ఇసుక పోసి తడిపి, అందులో చిన్న పిడత దించి, డబ్బాలో పెట్టిన ఇన్సులిన్‌ను దాన్లో ఉంచి తడిగుడ్డ కప్పాలి. ఐసు మీద నేరుగా పెట్టొద్దు, గడ్డకడితే ఇన్సులిన్ పనికిరాదు. చేయి వణికినా, చెమట పట్టినా షుగర్ పడిపోయిందని అర్థం, ముందు చక్కెర తినిపించమని కూడా టీచర్‌కు చెప్పాలి.

ఎవరింట్లోనైనా ఆటలమ్మ పోస్తే దాచొద్దని క్యాంపు వాట్సాప్ గ్రూపులో మొదటిరోజే అడగండి. కీమో పిల్ల పక్కన అలాంటి పిల్లాడు కూర్చున్నాడని తెలిస్తే అదే రోజు డాక్టర్‌కు చెప్పాలి, మందు ఇవ్వడానికి వ్యవధి తక్కువ.

‘జుట్టేమైంది?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. ఏం చెప్పాలో పిల్లనే తేల్చుకోనివ్వండి. మా కాలనీ క్యాంపుకు ఒక పాప టోపీ పెట్టుకుని వచ్చింది. పదకొండయ్యేసరికి ఉక్కపోతకు టోపీ తీసి మేకుకు తగిలించి, కుండకు రంగులేస్తూ కూర్చుంది. సాయంత్రం వాళ్లమ్మ వచ్చేసరికి టోపీ ఇంకా ఆ మేకుకే ఉంది.