పుంజుల పెంపకం – నాలుగో పాఠం: కుర్ర పుంజు కోపం ఎందుకు?

పోయిన పాఠంలో పిల్లల్లో పుంజేదో పెట్టేదో ఆనవాలు పట్టడం చూశాం. తురాయి ముందుగా ఎర్రబడడం, మూడో నెల దగ్గరపడేసరికి నడుము మీద సన్నగా, మొనదేలిన ఈకలు దిగడం ఇప్పటికి మీ కళ్లకు అలవాటై ఉంటాయి. ఈసారి నాలుగో నెల నుంచి ఏడాది నిండేదాకా. పెంచేవాళ్లకు అసలు టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే.

నిన్నటిదాకా చేతిలో గింజలు తిన్న పుంజు ఉన్నట్టుండి కాలి మీద పొడుస్తుంది. దానికి పిచ్చి పట్టలేదు, మీ మీద పగా లేదు. ఒంట్లో మగ హార్మోన్ పొంగే వయసు అది. కూత ఇంకా బొంగురుగానే ఉంటుంది, పెట్టల మీదికి మాత్రం పిలుపూ సరసమూ లేకుండా దూకుతుంది. గుంపులో పెద్ద పెట్టలుంటే నెత్తిన రెండు పొడిచి బుద్ధి చెబుతాయి. అందుకే ఈడు పిల్లలతోనే పెరిగిన పుంజు కంటే పెద్ద కోళ్ల మధ్య పెరిగిందే తొందరగా మర్యాద నేర్చుకుంటుందని నా నమ్మకం. చంకలో వేసుకుని ముద్దుచేసిన పుంజు ఈ వయసులో ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. దానికి మనిషంటే బెరుకు ఉండదు, మిమ్మల్నీ ఇంకో కోడిగానే లెక్కేస్తుంది.

పుంజు మీద పడేముందు దాదాపు ఎప్పుడూ చెప్పే పడుతుంది. చూడాల్సింది రెక్కను. ఒక రెక్క నేలకు దించి, ఆ ఈకలు కాలికి రాసుకుని టరటరమంటుంటే చిన్న చిన్న అడుగులతో పక్కవాటుగా అర్ధచుట్టు తిరుగుతుంది. పెట్ట ముందు అది సరసం. ఇంకో పుంజు ముందైనా, మీ ముందైనా సవాలు. ఆ తర్వాత మెడ ఈకలు నిక్కబొడుచుకున్నాయంటే దూకడానికి సిద్ధమైనట్టే. ఇంకోటుంది, చాలామంది పట్టించుకోరు: కింద గింజ లేకపోయినా ఏరుతున్నట్టు నేలను పొడుస్తూ మిమ్మల్ని ఓరగా చూస్తుంటుంది. మేత తింటోందనుకుని వీపు తిప్పితే పిక్క మీద దెబ్బ ఖాయం.

అదే నేల పొడవడం “కుక్ కుక్” పిలుపుతో కలిస్తే అర్థం పూర్తిగా వేరు. దొరికిన పురుగును ముక్కుతో ఎత్తి, వదిలి, మళ్లీ ఎత్తి పెట్టలకు చూపిస్తుంది, వాటిని తిననిస్తుంది. ఈ గుణం తొందరగా వచ్చిన పుంజును వదులుకోకండి. ఆకాశంలో గద్ద కనిపిస్తే ఒక రకంగా, నేల మీద కుక్కో పిల్లో వస్తే ఇంకో రకంగా అరిచి గుంపును హెచ్చరించేదీ ఇలాంటిదే.

సరే, మీద పడితే? తన్నకండి, పరిగెత్తకండి. తంతే పోటీకి ఒప్పుకున్నట్టు, పరిగెత్తితే ఓడిపోయినట్టు దాని లెక్క. కాళ్లకు పొడవాటి బూట్లు వేసుకుని, నిలబడ్డచోటే నిలబడండి. తర్వాత దానివైపు నెమ్మదిగా నాలుగడుగులు వేయండి. అది పక్కకు తప్పుకుని, మెడ ఈకలు దించి, వేరే పనిలో పడేదాకా వెనక్కి తగ్గొద్దు. కొన్నాళ్లు రోజూ ఇలాగే చేస్తే చాలా పుంజులు దారికొస్తాయి. అన్నీ రావు. కోపం కొంత పుట్టుకతోనూ వస్తుంది కాబట్టి దారికి రానిదాన్ని పెట్టలకు కలపకండి. చిన్నపిల్లల్ని దాని దగ్గరికి అసలు పోనివ్వొద్దు, కాలిముల్లు కంటికి తగలొచ్చు.

పుంజులు ఎక్కువైతే గొడవలూ ఎక్కువే. ఒక్కో పుంజుకు ఎనిమిది నుంచి పది పెట్టలు ఉండాలి. తగ్గితే పెట్టల వీపున ఈకలు ఊడిపోతాయి. మిగిలిన పుంజులన్నింటినీ పెట్టలు కనపడని చోట ఒకే దొడ్లో పెడితే చాలావరకు సర్దుకుపోతాయి. నెత్తురు కనిపించిన కోడిని మాత్రం వెంటనే విడదీయండి, ఎరుపు చూస్తే మిగతావి వదలవు. మేత సంగతి ఒక్క మాట: లేయర్ దాణా, అంటే గుడ్లు పెట్టే కోళ్లకు వేసే దాణా, వద్దు. అందులో కాల్షియం 3.5 నుంచి 4 శాతం దాకా ఉంటుంది, ఎదిగే కోడికి 1 శాతం చాలు. ఎక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి.

కోళ్లలో ఎవరు ఎవరిని పొడవొచ్చో ఒక వరస ఉంటుందని నార్వే శాస్త్రవేత్త షెల్డెరప్-ఎబ్బె 1920ల మొదట్లోనే రాశాడు. తెల్లవారుజామున ముందు కూసేది పైవరస పుంజేనని, మిగతావి దాని వెనక వరస ప్రకారం అందుకుంటాయని జపాన్ పరిశోధకులు 2015లో చూపించారు. ఈ వారం మీ అభ్యాసం అదే. తెల్లారకముందే లేచి, ఏ గొంతు తర్వాత ఏ గొంతు వచ్చిందో కాగితం మీద రాసుకోండి. పగలు మేత వేసినప్పుడు ఎవరు ఎవరికి చోటిస్తున్నారో దాంతో పోల్చి చూడండి. పెట్టలతో కలపడానికి ఏ పుంజును ఉంచుకోవాలో వచ్చే పాఠంలో ఆ కాగితం పట్టుకునే తేలుద్దాం.