చిన్న సినిమా రిలీజ్‌కి ముందు కాపీల విషయంలో జాగ్రత్త

పెద్ద సినిమా వాళ్లకి థియేటర్లో ఫోన్ పెట్టి తీసేవాడితో టెన్షన్. విశాఖలో కంచరపాలెంలోనో భీమిలిలోనో నలుగురు కలిసి సొంత డబ్బులతో తీసిన సినిమాకి గండం అంతకంటే ముందే ఉంటుంది, అదీ ఎక్కువగా మనవాళ్ల చేతుల్లోనే. ఎడిటింగ్ చేసిన తమ్ముడు, డబ్బింగ్ చెప్పిన అమ్మాయి, అమెరికాలో ఉన్న బావ, వీళ్లెవరూ దొంగలు కారు. "ఒక్కసారి చూసి డిలీట్ చేసేస్తా అన్నా" అంటారు, చేస్తారు కూడా. ఈలోగా ఆ లింకు ఇంకో గ్రూపులో పడిపోయి ఉంటుంది. అందుకే రిలీజ్‌కి ముందు నెల రోజులు మొహమాటం పనికిరాదు.

ముందు ఎవరికి ఎంత అవసరమో చూసుకోండి. సంగీతం చేసేవాళ్లకి వాళ్ల రీలు, అంటే సినిమాలో వాళ్లు పనిచేసే భాగం, చాలు. సబ్‌టైటిల్స్ రాసేవాళ్లకి తెర మీద టైమ్‌కోడ్ (గంటలు, నిమిషాలు, సెకన్ల లెక్క) కనిపించే తక్కువ క్వాలిటీ కాపీ చాలు. పూర్తి సినిమా, ఫుల్ హెచ్‌డీలో, ఎడిటర్ హార్డ్ డిస్క్ దాటి పోవాల్సిన పని చాలా తక్కువ.

తప్పక పంపాల్సి వస్తే మనిషికో కాపీ తీయండి. బొమ్మ మీద వాళ్ల పేరు, ఫోన్ నంబరు లేతగా పడాలి. మూలన వేస్తే లాభం లేదు, క్రాప్ చేసి పారేస్తారు. మధ్యలో, ఏటవాలుగా, కొన్ని నిమిషాలకోసారి చోటు మారేలా వేయాలి. ఎక్స్‌పోర్ట్‌కి రాత్రంతా పడుతుంది, విసుగే. కానీ తన పేరున్న కాపీని ఎవరూ అంత తేలిగ్గా ఫార్వర్డ్ చేయరు.

గూగుల్ డ్రైవ్‌లో పెడితే లింకున్న ప్రతివాళ్లకీ తెరుచుకునే సెట్టింగ్ వద్దు. ఒక్కొక్కరి మెయిల్‌కి విడిగా అనుమతి ఇవ్వండి, డౌన్‌లోడ్ ఆపేయండి, చూడటం అయ్యాక అనుమతి తీసేయండి. స్క్రీన్ రికార్డింగ్‌ని ఇది ఆపలేదు. అక్కడ పేరున్న కాపీయే దిక్కు.

ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలాంటి చోట స్నేహితులకి షో వేస్తుంటే మన ల్యాప్‌టాప్ మనమే పట్టుకెళ్లాలి. అక్కడి సిస్టమ్‌లోకి పెన్‌డ్రైవ్ నుంచి కాపీ చేస్తే తర్వాత తుడిచేయడం ఎవరికీ గుర్తుండదు. థియేటర్‌కి ఇచ్చే డీసీపీని, అంటే అక్కడ తెర మీద వేసే డిజిటల్ కాపీని, ఎన్‌క్రిప్ట్ చేయించండి. దాని తాళం, అంటే కేడీఎం, ఆ సర్వర్‌కే, ఆ తేదీలకే పనిచేస్తుంది.

అగ్రిమెంట్లు, సెన్సార్ సర్టిఫికెట్ ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి. లీకైతే ముందు అడిగేది అవే. కాపీరైట్ సినిమా తీసిన క్షణం నుంచే ఉంటుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

లీకైందని తెలిస్తే ముందు స్క్రీన్‌షాట్లు తీయండి. ఛానెల్ పేరు, లింకు, తేదీ, టైమ్ కనిపించాలి. "చూడండి మా సినిమాని ఏం చేశారో" అని ఆ లింకునే ఫేస్‌బుక్‌లో పెట్టేవాళ్లున్నారు. పైరసీవాడికి అంతకంటే ప్రచారం ఏం కావాలి? యూట్యూబ్‌లో కాపీరైట్ ఫిర్యాదు ఫారం, టెలిగ్రామ్‌లో రిపోర్ట్ ఉన్నాయి. 2023 నవంబరులో కేంద్ర సమాచార, ప్రసార శాఖ పైరసీ ఫిర్యాదుల కోసం 12 మంది నోడల్ అధికారులను పెట్టింది. వాళ్లు ఆదేశిస్తే 48 గంటల్లో ఆ లింకు తీసేయాలి. ఫిర్యాదు హక్కుదారు గానీ, హక్కుదారు అధికారం ఇచ్చినవాళ్లు గానీ చేస్తే మేలు, వేరేవాళ్లు చేస్తే అది నిజమో కాదో ముందు విచారించవచ్చు. కాబట్టి నిర్మాత అందుబాటులో ఉండాలి. 2023లోనే సవరించిన సినిమాటోగ్రాఫ్ చట్టంలో మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, కనీసం 3 లక్షల జరిమానా ఉన్నాయి. కేసు తేలేసరికి మన షోలు ఎప్పుడో ఎత్తేసి ఉంటారు, అది వేరే సంగతి.

చూసేవాళ్లకీ రెండు మాటలు. ఉచితంగా సినిమా అంటూ ఏపీకే ఫైలు ఇన్‌స్టాల్ చేయమంటే ఆగిపోండి. సినిమా సంగతి అటుంచి, ఫోన్లో ఉన్న బ్యాంకు యాప్‌కి ముప్పు. చిన్న సినిమాకి జగదాంబ వైపు ఒక్క షో దొరకడమే గొప్ప, ఆ షో సోమవారానికి ఉంటుందో లేదో శుక్ర, శనివారాల టికెట్లే తేలుస్తాయి. కుదిరితే అప్పుడే వెళ్లండి. ఓటీటీలో వచ్చాక కూడా టెలిగ్రామ్ కాపీ చూడకండి. కొన్ని ఓటీటీలు చూసిన నిమిషాల లెక్కన డబ్బిస్తాయి, కాబట్టి మధ్యలో ఆపేసినా తర్వాత తీరిగ్గా మిగతాది అక్కడే పూర్తి చేయండి.