కంటైనర్ మొదలైన వెంటనే ఆగిపోతుంటే: ముందుగా చూడవలసింది వాల్యూమ్

డాకర్ కంపోజ్‌తో (ఒకే ఫైల్‌లో రాసిన సెట్టింగ్‌లతో పలు కంటైనర్లను నడిపే సాధనం) పలు కంటైనర్లను, అంటే విడివిడిగా వేరుచేసి నడిపే ప్రోగ్రామ్‌లను, కలిపి నడిపేటప్పుడు స్టార్టప్ కమాండ్ దగ్గర కనిపించే లోపాలు తరచుగా వాల్యూమ్ (కంటైనర్ బయట డేటాను దాచే చోటు) వల్ల వచ్చినవే అయి ఉంటాయి. కాబట్టి కమాండ్‌ను మార్చే ముందు, ఎంట్రీపాయింట్ (కంటైనర్ మొదలవగానే నడిచే ప్రోగ్రామ్) స్థానంలో షెల్‌ను (కమాండ్‌లు టైప్ చేసే ప్రోగ్రామ్) ఇచ్చి కంటైనర్‌ను తెరిచి, ఫోల్డర్‌లో నిజంగా ఏ ఫైళ్లు ఉన్నాయో చూడాలి. అదే ఇమేజ్‌ను (కంటైనర్‌కు మూలమైన ఫైళ్ల మూట) మౌంట్‌లు (బయటి ఫోల్డర్లనో వాల్యూమ్‌లనో కంటైనర్‌లో జోడించడం) లేకుండా నడిపి పోల్చితే తేడా బయటపడుతుంది.

సమస్య: బిల్డ్ సజావుగా పూర్తవుతుంది, కానీ నోడ్ (జావాస్క్రిప్ట్) అప్లికేషన్ మాడ్యూల్ దొరకలేదంటూ ఆగిపోతుంది.

హోస్ట్‌లోని (డాకర్ నడుస్తున్న కంప్యూటర్‌లోని) సోర్స్ ఫోల్డర్‌ను బైండ్ మౌంట్ చేసినప్పుడు, అంటే నేరుగా కంటైనర్‌లో జోడించినప్పుడు, ఇమేజ్‌లో అదే చోట ఉన్నవన్నీ, బిల్డ్ సమయంలో ఇన్‌స్టాల్ చేసిన నోడ్ మాడ్యూల్స్‌తో సహా, దాని వెనుక మరుగున పడతాయి. నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌కు విడిగా ఒక వాల్యూమ్ ఇస్తే సరిపోతుంది. ఖాళీ వాల్యూమ్‌లోకి ఇమేజ్‌లోని ఫైళ్లు మొదటిసారి మాత్రమే కాపీ అవుతాయి గనుక, ప్యాకేజీలు మార్చి మళ్లీ బిల్డ్ చేసినా పాతవే కనిపిస్తాయి. అప్పుడు ఆ వాల్యూమ్‌ను తొలగించి కొత్తగా సృష్టించాలి.

సమస్య: కంపోజ్ ఫైల్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చినా పాతదే పనిచేస్తుంది, ఇనిట్ స్క్రిప్ట్‌లు (డేటాబేస్‌ను మొదట సిద్ధం చేసేవి) నడవవు.

పోస్ట్‌గ్రెస్ ఇమేజ్ ఆ రెండింటినీ డేటా ఫోల్డర్ ఖాళీగా ఉన్నప్పుడే పట్టించుకుంటుంది. డేటా అక్కర్లేకపోతే 'డాకర్ కంపోజ్ డౌన్ -వి' ఇవ్వవచ్చు. కానీ అది ఆ ప్రాజెక్టు ఫైల్‌లో ప్రకటించిన ఇతర వాల్యూమ్‌లను కూడా తుడిచివేస్తుంది. డేటా విలువైనదైతే డేటాబేస్‌లోనే పాస్‌వర్డ్ మార్చడం మేలు.

సమస్య: కంటైనర్ ఎగ్జిట్ కోడ్ (ఆగిపోతూ ఇచ్చే సంఖ్య) 126 లేదా 127.

126 వస్తే సాధారణంగా స్క్రిప్ట్‌కు ఎగ్జిక్యూట్ అనుమతి లేనట్లు. డాకర్‌ఫైల్‌లో (ఇమేజ్‌ను తయారుచేసే సూచనల ఫైల్) అనుమతి ఇచ్చామని నిశ్చింతగా ఉండకూడదు, ఎందుకంటే బైండ్ మౌంట్‌లో హోస్ట్ ఫైల్ అనుమతులే వర్తిస్తాయి. 127 అంటే కమాండ్ దొరకలేదని. స్క్రిప్ట్ కళ్లెదుటే ఉన్నా 'ఫైల్ లేదు' అనే సందేశం వస్తే, విండోస్ లైన్ ఎండింగ్‌లనూ (వరుస చివరి గుర్తులు), మొదటి లైన్‌లో పేర్కొన్న బాష్ (ఒక షెల్) ఇమేజ్‌లో ఉందో లేదో కూడా పరిశీలించాలి. ఆల్పైన్ (చిన్న లినక్స్) మూల ఇమేజ్‌లో బాష్ ఉండదు.

సమస్య: అప్లికేషన్ ముందే లేచి, డేటాబేస్ కనెక్షన్ దొరక్క పడిపోతుంది.

డిపెండ్స్ ఆన్‌ను (ఒక సర్వీస్ ఏ సర్వీస్ తర్వాత మొదలవ్వాలో చెప్పే సెట్టింగ్) క్లుప్త రూపంలో రాస్తే కంటైనర్ మొదలయ్యే వరకే కంపోజ్ ఆగుతుంది, సిద్ధమయ్యే వరకు కాదు. డేటాబేస్‌కు హెల్త్‌చెక్ (సిద్ధంగా ఉందో లేదో చూసే పరీక్ష) రాసి, 'సర్వీస్ హెల్దీ' షరతు పెట్టాలి. అయితే డేటాబేస్ మధ్యలో రీస్టార్ట్ అయితే ఈ షరతు ఆదుకోదు. మళ్లీ కనెక్ట్ అయ్యే ఏర్పాటు అప్లికేషన్ కోడ్‌లోనే ఉండాలి.