పసిబిడ్డకు మీ పెదాల మీది మాట చూపించడం ఎలా?

మాట వినడం చెవుల పనే అనుకుంటాం. 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు ‘గ’ అంటున్న మొహానికి ‘బ’ అనే శబ్దం అతికించి చూపిస్తే, పెద్దవాళ్ళలో చాలామందికి ‘డ’ అని వినిపించింది. కళ్ళు అంతలా జోక్యం చేసుకుంటాయన్నమాట. బిడ్డకూ ఈ విద్య నెలల వయసులోనే మొదలవుతుంది. మీరు అందించాల్సింది మొహం.

పాలు తాగి, నిద్ర తీరి, హుషారుగా ఉన్న వేళ చూసుకోండి. మోకాళ్ళు మడిచి కూర్చుని, బిడ్డను తొడల మీద వెల్లకిలా ఆనించుకోండి. రెండు మొహాల మధ్య జానెడు ఎడం, అంటే 20–30 సెంటీమీటర్లు, చాలు. వెలుగు మీ మొహం మీద పడాలి. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే బిడ్డకు కనిపించేది నల్లటి నీడే. టీవీ కట్టేయండి.

ఇప్పుడు దవడ బాగా దించి, సాగదీసి ‘ఆ’ అనండి. కాసేపాగి, పెదాలు పక్కలకు లాగి ‘ఈ’. ఈ జంటే ఎందుకంటే నోటి ఆకారంలో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1982లో ప్యాట్రీషియా కూల్, ఆండ్రూ మెల్ట్‌జాఫ్ అనే పరిశోధకులు 18–20 వారాల పిల్లల ముందు పెట్టింది కూడా ఈ అచ్చులనే. పక్కపక్కనే రెండు మొహాలు, ఒకటి ‘ఆ’ అంటుంది, రెండోది ‘ఈ’ అంటుంది. మధ్యలోంచి వచ్చే శబ్దం మాత్రం ఒక్కటే. పిల్లలు మొహాలు చూసిన సమయంలో దాదాపు 73 శాతం, శబ్దానికి సరిపోయే మొహాన్నే చూశారు.

అన్నాక ఆగాలి. కష్టమైన పని ఇదే, మనకు నోరు ఊరుకోదు కదా! మనసులో పది లెక్కపెట్టండి. కాళ్ళు ఆడించడం ఆపి బిడ్డ మీ నోటినే గుడ్లప్పగించి చూస్తుంది. పెదాలు తెరుచుకుంటాయి, నాలుక కదులుతుంది, ఓ చొంగ బుడగ తేలుతుంది. చాలాసేపటికి ‘అఁ’ అని చిన్న కూత. దాన్నే తిరిగి అనండి.

కొన్ని నెలలు పోయాక పెదాలు కలిసే ‘బబ్బబ్బ’, ‘మమ్మమ్మ’ ఎత్తుకోండి. ఎనిమిదో నెల ప్రాంతంలో బిడ్డ మీ కళ్ళొదిలి నోటినే చూస్తుంటే కంగారు పడకండి, ఆ వయసు పద్ధతే అంత. ఏడాది నిండేసరికి, తెలిసిన భాషైతే, చూపు మళ్ళీ కళ్ళ మీదికి వస్తుంది.

ఈ పని ఫోనుకు అప్పగించవద్దు. అమెరికాలో 9 నెలల పిల్లలకు చైనా భాష మాండరిన్ వినిపించిన ప్రయోగంలో, మనిషి ఎదురుగా కూర్చుని ఆడించిన పిల్లలు ఆ భాష ధ్వనుల తేడా పట్టుకున్నారు. అదే వీడియోలో చూసినవాళ్ళకు అది అబ్బలేదు.

బిడ్డ మొహం తిప్పేసుకుంటే ఆట అయిపోయినట్టే, గడ్డం పట్టి తిప్పకండి. పెద్ద చప్పుళ్ళకు కూడా ఉలిక్కిపడకపోయినా, పిలిస్తే ఎప్పుడూ పలక్కపోయినా, ఈ ఆటలతో కాలం గడపకుండా వినికిడి పరీక్ష చేయించండి.