పెట్రోలు లీకు రిపేరు చేయించినా తిరగబెడుతోందా? రీకాల్ లేని కారుకు సమస్య - పరిష్కారం

పెట్రోలు ట్యూబు మార్చాక కూడా అదే చోట మళ్లీ కారితే తప్పు ఆ ట్యూబు ఒక్కదానిదే కాకపోవచ్చు. చాలాసార్లు ఆ ట్యూబును పాడుచేస్తున్నది ఇంకేదో ఉంటుంది. దాన్ని పట్టుకోకుండా మూడో ట్యూబు వేయిస్తే బిల్లు పెరుగుతుంది గాని వాసన పోదు. కంపెనీయే బండ్లను వెనక్కి పిలిచి లోపం సరిచేసే రీకాల్ మీ మోడల్‌కు లేకపోతే, ఆ కారణాన్ని మీరే వెతికించాలి. మన చిత్తూరు, తిరుపతి వైపు దీనికి తోడు ఘాట్ ఎక్కుడు, మే నెల ఎండ, మామిడి తోటల ఎలుకలు ఉన్నాయి.

నేల మీద పెట్రోలు చుక్క కనబడితే బండి స్టార్ట్ చేయొద్దు. తోసుకుంటూ ఆరుబయటికి తీయండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, కిందికి దిగి అక్కడే నిలుస్తుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, లాడ్జి బేస్‌మెంట్ పార్కింగ్‌లో భయమంతా దీనితోనే. వాసన గుప్పుమంటున్నప్పుడు బ్యాటరీ టెర్మినల్ ఊడదీస్తే నిప్పురవ్వ లేస్తుంది. గాలి ఆడే చోట, వాసన తగ్గాకే దాని మీద చెయ్యి వేయాలి. పక్కన మంటలార్పే ఏబీసీ పౌడర్ సిలిండర్ ఉంచుకోండి, పెట్రోలు మంట మీద నీళ్లు పోయకూడదు. కాణిపాకంలోనో అలిపిరిలోనో బండికి పూజ చేయించేవాళ్లు కర్పూర హారతిని లీకు తేలేదాకా వాయిదా వేసుకుంటే మంచిది.

లీకు ఎక్కడుందో పట్టుకోవడం

తడి కనిపించిన చోటే లీకు ఉందనుకోవడం దగ్గరే సగం రిపేర్లు దారి తప్పుతాయి. పెట్రోలు పైపు వెంబడి జారి, వంపు వచ్చిన చోట చుక్కగా పడుతుంది. తడి మొదలైన చోట్లలో అన్నిటికన్నా పైనున్నదాన్ని వెతకాలి. రాత్రి బండి కింద అట్టముక్క పరిచి, ముందు చక్రాలు ఎక్కడున్నాయో దాని మీద గీత గీయండి. పెట్రోలు తెల్లారేసరికి ఆవిరైపోయినా మరక మిగులుతుంది, డీజిల్ జిడ్డుగా నిలుస్తుంది. ఏసీ నీళ్లు మాత్రం మరక లేకుండా ఆరిపోతాయి.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేయండి. చాలా పెట్రోలు బండ్లలో పంపు రెండు మూడు సెకన్లు తిరిగి ఆగుతుంది. ఇలా నాలుగైదు సార్లు చేస్తే లైన్లో పూర్తి ప్రెషర్ నిలుస్తుంది. అప్పుడు టార్చి వేసి, పొడి టిష్యూ కాగితంతో ఒక్కో జాయింటునూ అద్దండి. మెకానిక్ గేజు పెడితే మామూలుగా 3 నుంచి 4 బార్ మధ్య చూపాలి, మీ మోడల్ అంకె సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. బండి ఆపాక గేజు ముల్లు పడిపోయినంత మాత్రాన బయట లీకు ఉన్నట్టు కాదు. పెట్రోలు వెనక్కి పోకుండా ఆపే పంపులోని చెక్ వాల్వు వదిలినా, ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ లోపలికి కార్చినా అలాగే పడిపోతుంది.

లక్షణం: ట్యాంకు నింపిన రోజే వాసన, ఘాట్‌లో ఇంకా ఎక్కువ

వారం పాటు సగం ట్యాంకుతో తిరగండి. వాసన మాయమైతే లీకు ట్యాంకు పై భాగంలో ఉంది: పంపు మూత కింది గాస్కెట్, ఫిల్లర్ పైపు జాయింటు, లేదా ఆవిరి బయటికి పోయే వెంట్ గొట్టం. తిరుమల రెండో ఘాట్ ఎక్కేటప్పుడు పెట్రోలు ట్యాంకులో వెనక్కి ఒరుగుతుంది, మొదటి ఘాట్‌లో దిగేటప్పుడు ముందుకు వస్తుంది. ఎక్కేటప్పుడు వాసన కొట్టిందా, దిగేటప్పుడా అన్నది మెకానిక్‌కు చెప్తే ఏ వైపు జాయింటు చూడాలో తెలుస్తుంది. మొగిలి ఘాట్‌కైనా, భాకరాపేట ఘాట్‌కైనా ఇదే లెక్క.

చాలాసార్లు దీనికి కారణం బంకులోనే ఉంటుంది. నాజిల్ టక్కుమని ఆగాక కూడా ‘రౌండ్ ఫిగర్ చేయండి’ అని పోయిస్తాం. పెట్రోలు డిగ్రీకి సుమారు 0.1 శాతం వ్యాకోచిస్తుంది. భూమిలోని ట్యాంకు నుంచి చల్లగా వచ్చిన 40 లీటర్లు ఎండలో 15 డిగ్రీలు వేడెక్కితే అర లీటరుకు పైగా పెరుగుతాయి. దానికి జాగా లేకపోతే ద్రవమే వెంట్ గొట్టంలోకి ఎక్కి చార్‌కోల్ క్యానిస్టర్‌ను తడిపేస్తుంది. క్యానిస్టర్ ఆవిరిని పట్టుకోవడానికే గాని ద్రవాన్ని మోయడానికి కాదు. బాగా నానిందాన్ని ఎండబెట్టి మళ్లీ పెట్టడం వృథా, మార్చాలి. దాంతోపాటు క్యానిస్టర్‌లోని ఆవిరిని ఇంజన్‌కు వదిలే పర్జ్ వాల్వునూ చూడాలి. కరెంటు అందనప్పుడు అది మూసి ఉండాలి, ఊదితే గాలి పోతుంటే అదీ పోయినట్టే.

గాస్కెట్ దగ్గర తిరగబెట్టే లీకుకు కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. పంపు బయటికి తీయగానే పెట్రోలులో నానిన రబ్బరు రింగు ఉబ్బి పెద్దదవుతుంది, మళ్లీ గాడిలో సరిగా కూర్చోదు. కొత్తది తెప్పించకుండా అదే రింగును బలవంతంగా నొక్కి, పైన సిలికాన్ పేస్ట్ రాస్తారు. మామూలు సిలికాన్ పెట్రోలుకు ఆగదు, మెత్తబడి ఊడిపోతుంది. పంపు విప్పినప్పుడల్లా కొత్త రింగు వేయాల్సిందే. గాడిలో ఇసుక రేణువు కూడా లేకుండా తుడవాలి. లాక్ రింగును స్క్రూడ్రైవర్, సుత్తితో కొట్టి తిప్పకుండా దాని టూల్‌తోనే బిగించాలి. కొడితే అంచు వంగుతుంది, పైగా అక్కడ రవ్వ లేస్తే సంగతి వేరే చెప్పక్కర్లేదు.

లక్షణం: పొద్దున స్టార్ట్ చేయగానే వాసన, కాసేపటికి మాయం

పలమనేరు వైపు చలికాలం పొద్దున్నే ఇది బాగా తెలుస్తుంది. ఇంజెక్టర్ దగ్గర గట్టిబడిన ఓ-రింగు (గుండ్రటి రబ్బరు సీలు) చలికి బిగుసుకుని చెమ్మ వదులుతుంది, ఇంజన్ వేడికి కాస్త మెత్తబడి మూసుకుంటుంది. అందుకే సర్వీస్ సెంటర్‌కు వెళ్లేసరికి ఏమీ కనబడదు. బండిని ముందురోజు సాయంత్రమే అక్కడ వదిలి, పొద్దున చల్లటి ఇంజన్ మీదే చూడమని రాయించండి. ఇంజెక్టర్ల రింగులు ఒకటి మారిస్తే సరిపోదు, అన్నిటికీ పైనవీ కిందవీ కలిపి వేయాలి. ఇథనాల్‌కు తట్టుకునే ఫ్లోరో రబ్బరువి కావాలి. వేసే ముందు రింగుకు శుభ్రమైన ఇంజన్ ఆయిల్ చుక్క రాయాలి. పొడిగా నెట్టితే అంచు తెగుతుంది, ఆ తెగిన చోటే రెండో నెలలో మళ్లీ లీకు.

లక్షణం: బానెట్ కింద గొట్టం కొన్ని నెలలకోసారి చిట్లడం

మొదట గొట్టం మీద అచ్చు చదవండి. ఫ్యూయల్ ఇంజెక్షన్ లైనుకు ఎస్.ఏ.ఈ. జే30 ఆర్9 (SAE J30 R9) అనే ప్రమాణం తరగతి గొట్టం కావాలి. ఆర్7 పాత కార్బురేటర్ బండ్ల తక్కువ ప్రెషర్‌కు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ధర మాత్రం తేడా. అచ్చే లేని గొట్టం, పారదర్శక ప్లాస్టిక్ ట్యూబు అసలు వద్దు.

చిత్తూరు జిల్లా ఏపీ 03 నంబరు ప్లేటుతో రిజిస్టరైన కార్లు 2019లో రాష్ట్రమంతా ఏపీ 39 సిరీస్ రాకముందువి, అంటే ఈ20 పెట్రోలు రాకముందు తయారైనవి. 20 శాతం ఇథనాల్ వాటిలోని పాత రబ్బరును ఉబ్బించి, ఆరినప్పుడు పగుళ్లు తెప్పించగలదు. ఒక గొట్టం పోయిందంటే అదే వయసున్న మిగతావీ చూడాలి.

క్లిప్పు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గాని కాదు. గాట్లున్న మామూలు స్క్రూ క్లిప్పు బిగించేకొద్దీ రబ్బరును కోస్తుంది. అంచు నున్నగా చుట్టూ సమంగా నొక్కే ఇంజెక్షన్ క్లిప్పు వాడాలి. కంపెనీ నైలాన్ పైపు చిట్లితే మధ్యలో కోసి రబ్బరు ముక్క తొడిగి క్లిప్పు బిగించడం షెడ్లలో జరుగుతూనే ఉంటుంది. నున్నటి నైలాన్ మీద అది 3 బార్ ప్రెషర్‌కు జారిపోతుంది. పైపు మొత్తం మార్చాలి.

ఎలుక కొరికితే పంటి గాట్లు జంటగా ఉంటాయి. గొట్టం మార్చి, దాని మీద స్టీలు జాలీ తొడగండి.

అన్నీ సరైనవే వేసినా అదే చోట లీకు

ఇంజన్‌ను బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మ, అంటే ఇంజన్ మౌంటు చూడండి. రబ్బరు చిరిగిన మౌంటు మీద ఇంజన్ గేరు వేసినప్పుడల్లా అంగుళం దాకా ఊగుతుంది, ఆ ఊపంతా పెట్రోలు గొట్టం మీదే పడుతుంది. ఒకరు బ్రేకు గట్టిగా నొక్కి క్లచ్ కొద్దిగా వదులుతుంటే ఇంకొకరు పక్క నుంచి చూస్తే తెలిసిపోతుంది. బానెట్ ఎదురుగా మాత్రం నిలబడొద్దు. లీకు ఆరాకే ఈ పరీక్ష. పైపును బాడీకి పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు విరిగినా, పైపు ఎగ్జాస్ట్ వేడికి దగ్గరగా జరిగినా ఇదే జరుగుతుంది. ఆ తర్వాత ప్రెషర్ రెగ్యులేటర్: గేజు ఉండాల్సినదానికన్నా ఒక బార్ ఎక్కువ చూపితే జాయింట్లన్నీ వంతులవారీగా కారతాయి.

డీజిల్ బండ్లకు వేరే జాగ్రత్త. ఇంజెక్టర్లన్నిటికీ ఒకే పైపు నుంచి డీజిల్ అందించే కామన్ రైల్ లైన్లో ప్రెషర్ చాలా బండ్లలో 1,600 బార్ దాకా, కొన్నిట్లో అంతకు మించి కూడా పోతుంది. ఇంజన్ తిరుగుతుండగా చెయ్యి పెట్టి వెతికితే సన్నటి ధార చర్మంలోకి దూరిపోతుంది. అలా జరిగితే గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఎక్కువగా కారేది ఇంజెక్టర్ల పైనున్న సన్నటి రిటర్న్ పైపులే. బయట చుక్క లేకుండా పొద్దున స్టార్టింగ్ మాత్రం ఆలస్యమవుతుంటే, ఫిల్టర్ దగ్గర లైను గాలి లాక్కుంటోందని అనుమానించాలి.

రిపేరయ్యాక బండి చేతికి తీసుకునే ముందు అయిదుసార్లు తాళం ఆన్ చేసి చూడండి. నాజిల్ ఆగేదాకా మాత్రమే నింపించి, వాలు మీద ముక్కు పైకి ఉండేలా అరగంట నిలిపి మళ్లీ టిష్యూతో అద్దండి.

రీకాల్ లేనప్పుడు

సర్వీస్ సెంటర్ వాళ్లు పని రాసుకునే జాబ్ కార్డ్ మీద ‘జనరల్ చెకప్’ అని రాస్తే ఒప్పుకోవద్దు. ‘ఇంధనం కారుతోంది, ఫలానా తేదీన ఇదే భాగం మార్చారు’ అని కిలోమీటర్ రీడింగుతో రాయించండి. బిల్లులో ఏ భాగం, ఎందుకు పోయింది అనేది ఉండాలి. పాత భాగాన్ని అడిగి తెచ్చుకోండి. వారంటీలో ఉండగా రాయించిన ఫిర్యాదు, ఆ తర్వాత అదే తప్పు తిరగబెట్టినప్పుడు మీ చేతిలో గట్టి ఆధారం.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 110ఏ సెక్షన్ ప్రకారం, ప్రయాణికులకు గాని రోడ్డు మీది వాళ్లకు గాని హాని చేయగల లోపం ఉంటే కంపెనీ చేత రీకాల్ చేయించే అధికారం కేంద్రానికి ఉంది. దాని నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నాయి. ఏడేళ్లలోపు బండి యజమాని కేంద్ర రవాణా శాఖ వాహన్ పోర్టల్‌లోని రీకాల్ విభాగంలో ఛాసిస్ నంబరుతో ఫిర్యాదు పెట్టొచ్చు. ఒక్క ఫిర్యాదుతో రీకాల్ రాదు, అదే మోడల్‌పై వచ్చే ఫిర్యాదుల సంఖ్యను చూస్తారు. కాబట్టి అదే మోడల్ నడిపే నలుగురూ ఎవరికి వారు పెట్టాలి.

డబ్బు తిరిగి రావాలంటే దారి వేరే. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్, ఆపై కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. తప్పు బయటపడిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. తయారీ లోపమని నిరూపించడానికి కమిషన్ ల్యాబు పరీక్షకు పంపవచ్చు కాబట్టి, తీసిన గొట్టాన్నో రింగునో కడగకుండా, గాలి పోని సీసాలో పెట్టి తేదీ రాసి, ఇంటి బయట నీడలో దాచండి.