హ్యామ్ రేడియో వినడం – 6వ పాఠం: ఆర్ఎఫ్ గెయిన్ తగ్గించి చూడండి

పోయిన పాఠంలో ఎస్-మీటర్ (సిగ్నల్ బలం చూపే మీటర్) చదవడం నేర్చుకున్నాం. హెచ్ఎఫ్‌లో ఎస్9 అంటే 50 మైక్రోవోల్టులు, ఒక్కో మెట్టుకీ 6 డెసిబెల్స్. ఈసారి చాలామంది ముట్టుకోని నాబ్ సంగతి: ఆర్ఎఫ్ గెయిన్, అంటే యాంటెన్నా నుంచి వచ్చే సిగ్నల్‌ని రిసీవర్ ఎంత పెంచాలో చెప్పేది. కొత్తలో నేనూ దాన్ని చివరిదాకా తిప్పి వదిలేసేవాణ్ణి. సాయంత్రం 40 మీటర్ల (7 మెగాహెర్ట్జ్) బ్యాండ్‌లో అరగంట కూర్చుంటే తలనొప్పి ఖాయం.

ఆ తలనొప్పి ఏజీసీ (గెయిన్‌ని దానంతటదే సర్దే ఏర్పాటు) పుణ్యమే. అవతలాయన మాట్లాడుతున్నంతసేపూ అది గెయిన్‌ని అణిచి ఉంచుతుంది. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగితే చాలు, సిగ్నల్ పోయిందనుకుని మళ్ళీ పెంచేస్తుంది. ఆ సందులో నాయిస్ హోరున లేస్తుంది.

ఇప్పుడు 7 మెగాహెర్ట్జ్‌లో ఎస్9 దాకా వస్తున్న ఒక ఎల్ఎస్‌బీ (ఈ బ్యాండ్‌లో మాటలకి వాడే మోడ్) స్టేషన్ పట్టుకోండి. ప్రీయాంప్ (సిగ్నల్‌ని ముందే పెంచే యాంప్లిఫయర్) ఆపండి. ఆర్ఎఫ్ గెయిన్ మెల్లగా తగ్గించండి. చాలా రేడియోల్లో ఎస్-మీటర్ ముల్లు పైకి లేచి అక్కడే నిలబడుతుంది. కంగారు పడకండి, పెరిగింది సిగ్నల్ కాదు. ఆయన గొంతుకి ముల్లు ఎక్కడిదాకా వెళ్తోందో దానికి కాస్త కింద, అంటే ఎస్8 దగ్గర ఆగేలా పెట్టండి. శబ్దం చాలకపోతే వాల్యూమ్ పెంచుకోండి. మాటల మధ్య హోరు తగ్గడం మీకే తెలుస్తుంది. సిగ్నల్ రిపోర్ట్ ఇచ్చేముందు మాత్రం గెయిన్ మళ్ళీ పూర్తిగా తిప్పండి, లేదంటే అందరికీ ఎస్8కి తక్కువ రాదు!

ప్రీయాంప్ ఎందుకు ఆపాలంటే, ఈ బ్యాండ్‌లో బయటి నుంచి వచ్చే నాయిస్, రిసీవర్ సొంత నాయిస్ కన్నా చాలా ఎక్కువ. ప్రీయాంప్ సిగ్నల్‌తో పాటు దాన్నీ పెంచుతుంది. నమ్మకం లేకపోతే యాంటెన్నా కేబుల్ ఊడదీసి వినండి, హోరు ఒక్కసారిగా పడిపోతుంది. (అప్పుడు పొరపాటున కూడా పీటీటీ, అంటే ట్రాన్స్‌మిట్ బటన్, నొక్కొద్దు.) 10 మీటర్లలో, 6 మీటర్లలో ప్రీయాంప్ పనికొస్తుంది.

రాత్రిపూట 7.2 మెగాహెర్ట్జ్ పైన బ్రాడ్‌కాస్ట్ స్టేషన్లు గట్టిగా వస్తాయి. ఐకామ్ ఐసీ-7300 వాడేవాళ్ళకి తెరమీద ఓవీఎఫ్ (సిగ్నల్ మోతాదు మించిందనే హెచ్చరిక) అని కనబడితే, ముందు ప్రీయాంప్ ఆగి ఉందో లేదో చూసుకుని, ఆపైన ఆర్ఎఫ్ గెయిన్ తగ్గించండి. అదీ చాలకపోతే సిగ్నల్‌ని తగ్గించే 20 డెసిబెల్స్ అటెన్యుయేటర్ ఉండనే ఉంది.

హైదరాబాద్‌కి చెందిన అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్40 రేడియో మీ దగ్గరుంటే వ్యవహారం వేరు. అందులో ఏజీసీ లేదు. పక్కూరి స్టేషన్ వచ్చిందంటే హెడ్‌ఫోన్ పెట్టుకున్న చెవులు గింగిర్లెత్తుతాయి. రిసీవ్ దారిలో ఒక చిన్న పొటెన్షియోమీటర్ (తిప్పి సర్దుకునే రెసిస్టర్) పెడితే ఆర్ఎఫ్ గెయిన్ మీ చేతికొస్తుంది. దాన్ని రిసీవ్, ట్రాన్స్‌మిట్ మధ్య మార్చే రిలే దాటాక, రిసీవ్ వైపే కలపాలి. యాంటెన్నా వైపు కలిపితే మొదటి ట్రాన్స్‌మిషన్‌కే మాడిపోతుంది.

అభ్యాసం: ఒకే స్టేషన్‌ని గెయిన్ పూర్తిగా పెట్టి, సగానికి తగ్గించి, ముల్లు ఎస్8 దగ్గర ఆపి వినండి. ఒక్కోసారీ ఎన్ని కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు) అక్షరాలు తప్పు రాశారో నోట్‌బుక్‌లో పెట్టుకోండి. వచ్చే పాఠంలో ఆ పేజీతోనే పని.