నంబర్ పోర్ట్ చేసే ముందు సిగ్నల్ ఇలా చూసుకోండి

ఇంట్లో సిగ్నల్ ఫుల్‌గా ఉంటుంది, ఆఫీసు సెల్లార్‌లోకి దిగగానే కాల్ కట్. ఎవరో బాగుందన్నారని వేరే నెట్‌వర్క్‌కి మారితే, మళ్లీ పోర్ట్ అవ్వాలంటే 90 రోజులు ఆగాలి.

అందుకే ముందు ఇంట్లోవాళ్ల దగ్గరో ఫ్రెండ్ దగ్గరో ఆ నెట్‌వర్క్ సిమ్ ఒక్కరోజుకి అడిగి, మీ ఫోన్ రెండో స్లాట్‌లో వేయండి. ఆ రోజు వాళ్ల ఓటీపీలు మీ ఫోన్‌కే వస్తాయి, ముందే చెప్పండి. పైన కనిపించే గీతల్ని నమ్మొద్దు, ఒక్కో ఫోన్ ఒక్కోలా చూపిస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్‌లోకి వెళ్తే సిగ్నల్ స్ట్రెంత్ డీబీఎం అనే కొలతలో ఉంటుంది. 4జీలో మైనస్ 85 అంటే బాగున్నట్టే. మైనస్ 100 దాటితే బలహీనం, మైనస్ 115 దగ్గర కాల్ తెగడం మొదలవుతుంది.

పడకగది, వంటగది, ఆఫీసులో మీ సీటు, లిఫ్ట్ ముందు రెండు సిమ్‌ల అంకెలూ రాసుకోండి. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకి పడకగది అంకే అన్నిటికన్నా ముఖ్యం. దారిలో అంకెలు నిలకడగా ఉండవు. బస్సులో వెళ్తూ ఒక్కో సిమ్‌తో కాల్ కలిపి ఉంచి, ఎక్కడ తెగిందో చూడండి. బండి నడుపుతూ మాత్రం వద్దు.

ఒక్క జాగ్రత్త: అంకె బాగున్నా, రాత్రిపూట టవర్ మీద రద్దీ పెరిగితే నెట్ నెమ్మదిస్తుంది. 9 గంటలప్పుడు ఒక వీడియో పెట్టి చూశాకే పోర్ట్ మెసేజ్ 1900కి పంపండి. జవాబుగా వచ్చే పోర్టింగ్ కోడ్ మన రెండు రాష్ట్రాల్లో 4 రోజులే చెల్లుతుంది.